వద్దంటే పారేయండి

మా ఇంట్లో ఆదివారం పేపరును చదివే ముందు దులపాలి. తడి తువ్వాలు ఆరేసే ముందు ఝాడించినట్టు రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి ఝాడిస్తే లోపలున్నవన్నీ గచ్చు మీద పడతాయి. పోయిన ఆదివారం ఏడు పడ్డాయి. ఒక వెంచరు, ఒక ఇంటర్ కాలేజీ, ఒక చెవి మిషను, రెండు చీరల దుకాణాలు, దోమతెరలు, మోకాళ్ల నొప్పులు. ఎనిమిదోది రాలలేదు. జిల్లా పేజీల్లో సంతాప ప్రకటనకు అతుక్కుపోయి, పోయినాయన ఫొటో పక్కన 'నేడే ఘనంగా ప్రారంభం' అంటూ కూర్చుంది.

నెలాఖరున బిల్లుకొచ్చిన ఏజెంటు దగ్గర ఈ మాట ఎత్తాను. పేపరుకు డబ్బులిస్తున్నాం కదా, అందులో ఈ కాగితాలేమిటని. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "వాటికి మీ దగ్గర పైసా తీసుకోవట్లేదు కదండీ. ఫ్రీగానే వేస్తున్నాం. వద్దంటే పారేయండి," అన్నాడు.

ఈ మాట ఆయనొక్కడే అని ఉంటే వదిలేసేవాణ్ణి. గేటుకు స్టిక్కరు అంటిస్తూ దొరికిపోయిన కుర్రాడూ ఇదే అన్నాడు. వెంచరు కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేసి మా గేటు జోలికి రావద్దని చెబితే అవతలి మేనేజరూ ఇదే అన్నాడు. అనేసి, నా నంబరు దాచుకుని, మర్నాటి నుంచి ఫోన్లు మొదలెట్టాడు. వద్దంటే పారేయండి. అంటే, తెచ్చి నా గుమ్మంలో పోయడం వాళ్ల వ్యాపారం, ఎత్తి అవతల పోయడం నా స్వేచ్ఛ!

పారేయడం ఎంత పని అంటారా? చెప్తాను వినండి.

మాది వనస్థలిపురంలో గేటున్న ఇల్లు. పొద్దున్నే చెత్త ఆటో వస్తుంది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు. పైన ప్లాస్టిక్ పొర, కింద కాగితం, మూలన శాంపిలు షాంపూ పొట్లం, అది కాస్తా చితికి కారుతూ ఉంటే ఆ కాగితం తడా, పొడా? ఆటో అబ్బాయి నన్నే అడుగుతాడు. అతనికి నెలకు 100 రూపాయలిస్తున్నాం. చీరల దుకాణంవాడు అచ్చేయించిన సరుకుకు రవాణా ఖర్చు నాదన్నమాట. పాత పేపర్లు కొనే అతను ఇంకా గట్టివాడు. తక్కెడ తీసే ముందు కట్ట విప్పి, మెరిసే కాగితాలన్నీ ఓపిగ్గా ఏరి పక్కన పడేస్తాడు. "ఇవి నడవవు సార్, రంగు కాగితం," అంటాడు. పేపర్లు తూచుకుని పోయేటప్పుడు ఆ గుట్ట నా గుమ్మం ముందే ఉంటుంది. చిల్లులు పడ్డ బకెట్టును, చెయ్యి విరిగిన కుర్చీని కాదనకుండా పట్టుకెళ్లే మనిషి కూడా వద్దన్న వస్తువు నాకు పనికొస్తుందని ఎవరికి తోచిందో!

స్టిక్కర్లది వేరే శాస్త్రం. వాటర్ ట్యాంకులు కడగబడును, ఆర్వో రిపేరు, గ్యాస్ స్టవ్ సర్వీసు, దోమల జాలీలు. గేటు మీద మూడు, కరెంటు మీటరు డబ్బా మీద ఒకటి, కాలింగ్ బెల్ పక్కన ఒకటి. బెల్ పక్కన అంటించినవాడు మాత్రం ఆ వృత్తిలో పండిపోయినవాడే. మా ఇంటికొచ్చే ప్రతి చుట్టమూ నా పేరు కంటే ముందు వాడి ఫోన్ నంబరు చదువుతాడు. గోరుతో గీకితే పైపొర ఊడొస్తుంది, జిగురు ఉండిపోతుంది. దానికి వారంలో దుమ్ము పట్టి, గేటు మీద నల్లటి పలక తయారవుతుంది. మా ఆవిడ కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. కొబ్బరినూనె రాసి అరగంట నాననిచ్చి, పాత స్టీలు చెంచా అంచుతో కింద నుంచి పైకి గీకాలి. ఆపైన వేడినీళ్లలో ముంచిన గుడ్డతో తుడవాలి. అంతా చేసినా నంబరులో చివరి నాలుగంకెలు పోవు. పారేయమన్న కుర్రాడు స్టిక్కరుతో పాటు చెంచాడు కొబ్బరినూనె కూడా ఇచ్చి ఉంటే ఆ మాటకో మర్యాద ఉండేది.

పారేసే ముందు వీటిని ఒకసారి చదవమని మాత్రం నా సలహా. వెంచరు కాగితమే తీసుకోండి. దాని ప్రకారం ఈ రాష్ట్రంలో ఏ ఊరైనా ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు. షాద్‌నగర్ నుంచి 20, యాదగిరిగుట్ట నుంచి కూడా 20. గుట్ట నుంచి 20 నిమిషాల్లో శంషాబాద్ చేరాలంటే విమానమెక్కాలి, విమానం ఎక్కాలంటే ముందు శంషాబాద్ పోవాలి. 'రీజనల్ రింగు రోడ్డు పక్కనే' అని ఇంకో లైను. రోడ్డు ఇంకా రాలేదు గాని దాని పక్కలు మాత్రం గజాల లెక్కన అమ్ముడైపోతున్నాయి. పైన ఎర్రటి నక్షత్రంలో 'ప్రీలాంచ్ ఆఫర్' అని ఉంటుంది. ఇక్కడే ఆగి చూడాలి. చిన్నాచితకా జాగాలు తప్పిస్తే, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో రిజిస్టరు కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడమే కుదరదని 2016 నాటి చట్టం మూడో సెక్షన్ చెప్తోంది. కాదని ఇస్తే ప్రాజెక్టు అంచనా ఖర్చులో 10 శాతం దాకా జరిమానా. మన ఊళ్లో ప్రీలాంచ్ అంటే రెరా నంబరు రాకముందే అమ్మేసుకోవడం. తాను చేస్తున్న తప్పును నాలుగు రంగుల్లో అచ్చేయించి, కింద ఫోన్ నంబరు వేసి, ఇంటింటికీ పంచిపెట్టేవాణ్ణి ఇంకే వ్యాపారంలోనూ చూడలేదు నేను. జేబుదొంగ కూడా విజిటింగ్ కార్డు ఇవ్వడు.

వైద్యం కాగితాలు ఇంతకంటే ధైర్యం గలవి. ఫలానా జబ్బులు నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే ఒక చట్టం వచ్చింది. దాని షెడ్యూలులో 54 పేర్లున్నాయి. షుగరు ఉంది, ఊబకాయం ఉంది, చివరికి మనిషి ఎత్తు కూడా ఉంది. నా చేతిలోని కాగితానికి ఒక పక్క షుగరు మాయం, రెండో పక్క 3 నెలల్లో 4 అంగుళాల పొడుగు. ఒక్క కాగితంతో షెడ్యూలులో రెండు వరసలు పూర్తి. ఆ చట్టానికి ఏడు పదులు దాటాయి, దానికే మోకాళ్ల నొప్పులు వచ్చి ఉంటాయి. ఇంటర్ కాలేజీ కాగితం గురించి చెప్పేదేముంది, ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు. ఒకే అమ్మాయి ఫొటో రెండు కాలేజీల కాగితాల మీదా నవ్వుతోంది. పాపం, ఆ పిల్ల రెండు చోట్లా చదివిందేమో.

మా చిన్నప్పుడు కూడా అడగని ఉత్తరాలు వచ్చేవి. 15 పైసల కార్డు. ఎక్కడో గుళ్లో పాము కనబడి పూజారితో మాట్లాడిందని, ఇది అందినవాళ్లు మరో 21 మందికి రాయాలని, రాసినాయనకు లాటరీ తగిలిందని, చింపినాయన రక్తం కక్కుకున్నాడని. మా బాబాయి భయపడి 21 కార్డులూ రాశాడు. లాటరీ రాలేదు గాని 3 రూపాయల 15 పైసలు పోయాయని చాలాకాలం బాధపడ్డాడు. అయినా ఆ ఉత్తరం మీద నాకిప్పటికీ గౌరవమే. వాడెవడో కూర్చుని చేత్తో రాశాడు, తన పైసలతో పోస్టులో వేశాడు. పైగా వద్దంటే పారేయమని మనకు ఉపకారం చేస్తున్నట్టు నటించలేదు. పారేస్తే చస్తావని ముఖం మీదే చెప్పాడు.

ఇక నా ప్రతాపం. 250 రూపాయలు పెట్టి గేటుకు రేకు బోర్డు చేయించాను. పై వరసలో 'ఇచ్చట కరపత్రాలు', కింది వరసలో 'వేయరాదు'. ఇంతకుముందు గేటు ఊచల్లో దోపిన కాగితాలు సగం గాలికి ఎగిరిపోయేవి. బోర్డు పెట్టాక దానికీ ఊచలకూ మధ్య మంచి సందు ఏర్పడింది. ఇప్పుడు ఒక్కటి కూడా ఎగరదు, వానకు తడవదు. నాలుగోరోజున ట్యాంకులు కడిగేవాడొచ్చి తన స్టిక్కరును కొలిచి కోసినట్టు సరిగ్గా కింది వరస మీద అంటించి పోయాడు. అప్పటి నుంచి మా బోర్డు 'ఇచ్చట కరపత్రాలు' అని పిలుస్తోంది.

కాగితం లేని చెత్తకైతే సర్కారే ఒక దారి చూపించింది. అక్కర్లేని ఫోన్లు, మెసేజీలు వద్దనేవాళ్లు పేరు రాయించుకోవాలని 2007లో ఒక పట్టిక పెట్టారు. ఇప్పుడు 1909కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. బ్యాంకులు, ఇళ్లస్థలాలు, చదువులు, ఆరోగ్యం, పర్యటనలు అంటూ ఏ రకం గోల వద్దో విడివిడిగా ఎంచుకోవచ్చు కూడా. దొంగలు మా ఇంటికి రావద్దనుకునేవాళ్లు స్టేషనుకెళ్లి పేరు రాయించుకోండి, ఏ సామాను ఎత్తుకుపోకూడదో టిక్కు పెట్టండి అన్నట్టుంది. రాయించుకున్నా ఎవడైనా చేస్తే ఫిర్యాదు చేయవచ్చు. దానికి మూడు రోజులే గడువుండేది, 2025లో ఏడు రోజులు చేశారు. ఫోన్ చేసేవాడికి మాత్రం గడువనేది లేదు, ఏ రోజైనా చేసుకోవచ్చు.

నేను రాయించుకున్నాను. అయినా వస్తున్నాయి. ఎందుకని ఒకమ్మాయిని నిలదీస్తే, "మీరే సమ్మతి ఇచ్చారు సర్," అంది తియ్యగా. ఎక్కడిచ్చానా అని రెండ్రోజులు ఆలోచిస్తే గుర్తొచ్చింది. దసరాకు ఒక మాల్‌లో, పాప్‌కార్న్ కొట్టు పక్కన, అద్దాల పెట్టె. లక్కీ డ్రా. మా ఆవిడ ముచ్చటపడి చీటీ నింపింది. పేరు, ఫోను, పెళ్లిరోజు, సొంతిల్లా అద్దా, నెలకు ఆదాయమెంత. లాటరీ చీటీకి నెలాదాయంతో పనేమిటని ఇద్దరికీ తోచలేదు. మూడోరోజే ఫోను. బహుమతి వచ్చింది సర్, కానీ భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి. సత్యనారాయణ వ్రతానికి తప్ప మమ్మల్ని అంత పట్టుబట్టి జంటగా పిలిచినవాళ్లు లేరు. వెళ్లాం. ఏసీ గదిలో పీటల మీద కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టి, రెండు గంటలపాటు గోవా కథ చెప్పారు. పాతికేళ్లపాటు ఏటా వారం రోజులు గోవాలో ఉండాలట, దానికి ఈ రోజే 4 లక్షలు కట్టాలట. ప్రసాదంగా ఆరు గాజు గ్లాసుల పెట్టె ఇచ్చారు. ఇంటికొచ్చి విప్పితే అయిదున్నాయి.

ఆ చీటీ వెనక చీమల బారులో రాసి ఉందట, ఆ వద్దనేవాళ్ల పట్టికలో, అదే డీఎన్‌డీలో, ఉన్నా సరే మాకు ఫోన్ చేయడానికి ఒప్పుకుంటున్నామని. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టమేమో, సమ్మతి అంటే ఇష్టంతో, సంగతి తెలిసి, ఏ అనుమానానికీ తావు లేకుండా ఇచ్చేదై ఉండాలంటుంది. మా ఆవిడ ఇష్టంతోనే ఇచ్చింది. కళ్లజోడే ఇంట్లో మరిచిపోయింది.

పద్ధతిని తిరగేసిన ఊరు ఒకటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకప్పుడు ప్రకటనలు వద్దనేవాళ్లు ఉత్తరాల పెట్టెకు 'వద్దు' స్టిక్కరు అంటించుకునేవాళ్లు. 2018 జనవరి నుంచి, కావాలనేవాళ్లే 'కావాలి' అని అంటించుకోవాలన్నారు. స్టిక్కరు లేని పెట్టెలో ఊరూపేరూ లేని కాగితం వేయకూడదు. ఆ వ్యాపారంవాళ్లు కోర్టుకెక్కారు. 2021లో అక్కడి అత్యున్నత కోర్టు నగరం వైపే నిలిచింది. ఇక్కడా పెట్టండని ఎవరినైనా అడుగుదామనుకుని మళ్లీ ఆగాను. మన దగ్గర పెడితే తెల్లారేసరికి కాలనీలో ప్రతి గేటుకూ 'కావాలి' స్టిక్కరు అంటించి ఉంటుంది. అడుగున, అంటించినవాడి సెల్ నంబరు.

మొన్న మే నెలలో, మిట్టమధ్యాహ్నం, గేటు చప్పుడైతే బయటికొచ్చాను. డిగ్రీ చదివే వయసు కుర్రాడు, తలకు తువ్వాలు, భుజాన గోనెసంచీ అంత బ్యాగు. చేతిలో కాగితం మా బోర్డు సందులో దోపబోతూ నన్ను చూసి ఆగాడు. తిట్టడానికి నోరు తెరిచేలోపే, "మంచినీళ్లుంటే ఇస్తారా సార్," అన్నాడు. వరండాలో కూర్చోబెట్టి ఇచ్చాను. రోజుకు వెయ్యి కాగితాలు పంచాలట. 600 అయ్యాయి. మిగతావి ఎక్కడైనా పడేసి ఇంటికి పోవచ్చు కదా అన్నాను. నేనూ అదే మాట అన్నానని తర్వాత తెలిసింది.

"మా సార్ బండి మీద వెనకాలే తిరుగుతాడు సార్. మురిక్కాలవలు చూస్తాడు, చెత్తకుప్పలు చూస్తాడు. కట్ట దొరికిందంటే ఆ రోజు కూలీ పోయినట్టే." సీసాలో నీళ్లు మొత్తం తాగేసి, మూతి తుడుచుకుని, మా వరండా అంతా ఒకసారి కలయజూశాడు. "ఇళ్లలోకైతే రాడు."

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

"మీరెట్లాగూ పారేస్తారు కదా సార్," అన్నాడు చివరికి. "ఇవి కూడా ఉంచుకుని ఒకేసారి పారేయండి."

నాలుగు కట్టలు. రబ్బరు బ్యాండ్లు మాత్రం విప్పి జేబులో వేసుకున్నాడు, వాటికి లెక్క చెప్పాలట. చెప్పులేసుకుని, గేటు జాగ్రత్తగా మూసి, తువ్వాలు విప్పుకుంటూ బస్టాపు వైపు నడిచాడు. నేను అలమారలో ఖాళీ ఉందేమోనని చూసి, లేక, కట్టలు మెట్ల కింద పెట్టాను. పైనున్న కాగితం మీద కొత్త వెంచరు. ఎయిర్‌పోర్టుకు 18 నిమిషాలు.