వాననీటిపై ఒక గృహస్థు ఫిర్యాదు

మహారాజశ్రీ సంబంధిత అధికారి గారి సముఖానికి,

దోమలగూడలో సొంతిల్లు కలిగి, ఇంటిపన్ను ఏప్రిల్‌లోనే కట్టేసి, ఐదు శాతం రాయితీ కూడా వదలకుండా పుచ్చుకునే గృహస్థుణ్ణి. సవినయంగా విన్నవించుకునేదేమంటే, నా ఫిర్యాదు కార్పొరేటర్ల మీదా కాదు, కాంట్రాక్టర్ల మీదా కాదు, నాలా మీద మూడంతస్తులు లేపిన పెద్దమనుషుల మీద అసలే కాదు. విచారిస్తే వాళ్లందరి దగ్గరా కాగితాలున్నాయి. ఏ కాగితమూ లేకుండా ఇళ్లలోకి జొరబడుతున్నది వాననీరు ఒక్కటే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, నగరమంతా అభివృద్ధి వైపు పోతుంటే ఇది మాత్రం పల్లం వైపు పోతోంది.

ముందుగా ముద్దాయి పూర్వచరిత్ర. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పదిహేను వేల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. అంతటి ఇంజనీరు వచ్చి నదిని నాలుగు చీవాట్లు పెడతారని ఎవరైనా అనుకుంటారు. ఆయన పోయిపోయి చెరువులు లెక్కపెట్టారు. ఎగువన 788 చెరువులుంటే వాటిలో 221 తెగాయని తేల్చారు. ఆ పాఠంతోనే 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలు పెరక్కూడదని 1996లో 111 జీవో ఇచ్చారు. 2022లో 69 జీవో ఇచ్చి ఆ ఆంక్షలు ఎత్తేశారు. నీటికి జ్ఞాపకశక్తి ఎక్కువ. ప్రభుత్వాలకు ఆ జబ్బు లేదు.

ఇక మా పేట సంగతి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ తవ్వించారు. చెరువన్నాక నిండుతుంది, నిండాక మిగులు నీరు ఎటో ఒకవైపు పోవాలి. అది నాలా రూపంలో ట్యాంక్‌బండ్ దిగువన బయల్దేరి దోమలగూడ, అశోక్‌నగర్‌ల పక్కనుంచి బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, గోల్నాకల మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. చెరువు పూర్తి మట్టం 513.41 మీటర్లు. మా వీధి పిల్లలకు పదమూడో ఎక్కం రాకపోయినా ఈ అంకె వచ్చు. మట్టం ఇది దాటిందని టీవీలో రాగానే, ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అని కింద ఒక వాక్యం పరిగెడుతుంది. ఆ వాక్యంతో ప్రభుత్వం బాధ్యత తీరిపోయి మాది మొదలవుతుంది. ఫ్రిజ్ కింద ఇటుకలు, బియ్యం డబ్బా అటక మీద, స్కూటరు ఎదురింటి ర్యాంపు మీద, ఇంటి దస్తావేజులు పై వాటావాళ్ల బీరువాలో. మా అప్రమత్తత ఇంతవరకే.

2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. నాలా ఒడ్డు తెగి మా పేటంతా నీళ్లపాలైంది. అప్పుడు కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ వారికి అధ్యయనం అప్పగించారు. నాలాలు వెడల్పు చేయండి, వాటి మీది ఆక్రమణలు తీసేయండి అని వారు 2003లో నివేదిక ఇచ్చారు. తర్వాత ఎన్ని వానలు పడ్డా ఆ నివేదికకు మాత్రం తడి తగల్లేదు.

ఆపైన 2012లో 168 జీవో వచ్చింది. పది మీటర్లకు మించి వెడల్పున్న నాలా పక్కన తొమ్మిది మీటర్లు ఖాళీ వదలాలి, పది మీటర్ల లోపుదైతే రెండు చాలు. నాలాను ముందు పది లోపుకు సన్నబరిస్తే వదలాల్సింది దానంతటదే రెండుకు దిగుతుందన్నది తెలుసుకోలేనంత అమాయకులు కారు మనవాళ్లు. అనుమతి లేకుండా కట్టినవాళ్ల కోసం 2007లో ఒకసారి, 2015లో ఇంకోసారి క్రమబద్ధీకరణ పథకాలు పెట్టారు. కట్టినవాడు తప్పు చేశాడని ఒప్పుకుని రుసుం కడితే అది ఒప్పవుతుంది. ఈ సదుపాయం నీటికి లేదు. అది తన దారిన పోయినా తప్పే.

నీటిని దారిలో పెట్టడానికి ఏటా జరిగే క్రతువు పూడికతీత. వానాకాలం నెత్తిమీదికొచ్చాక జేసీబీ వస్తుంది. నాలాలోంచి నల్లటి బురద ఎత్తి ఒడ్డునే గుట్ట పోస్తుంది. ఆ గుట్టను తీరిగ్గా చూడండి. పాల ప్యాకెట్లు, ఒంటి చెప్పులు, థర్మోకోల్ ముక్కలు, దూది బయటికొచ్చిన పరుపు, గత ఏడాది వినాయకుడి తొండం, ఎవరో పారేసిన కమోడు మూత. నాలుగు రోజుల ఎండకు పైన పెచ్చు కట్టి, దాని మీద కుక్క పడుకుంటుంది. తడి గుట్టను లారీకెత్తితే రోడ్డంతా కారుతుందట, ఆరాక తీసుకెళ్తారట. అది ఆరేలోపు వాన పడుతుంది. గుట్ట మొత్తం భద్రంగా నాలాలోకి దిగిపోతుంది. మళ్లీ ఏడాది అదే బురద, అదే పరుపు, బిల్లు మాత్రం కొత్తది.

దీని మీద నేను తిరిగిన ఆఫీసుల పేర్లు చెప్పను, అందరూ మర్యాదస్తులే. మొదటి ఆఫీసులో ‘నాలా మాదేనండీ, అందులో పారే మురుగు మాది కాదు’ అన్నారు. రెండో చోట ‘మురుగు పైపు వరకే మా పని, అది నాలాలో కలిశాక మాకు సంబంధం లేదు’ అన్నారు. మూడో చోట చెరువు తూము వరకే తమదని మ్యాపు పరిచి చూపించారు. నాలుగో చోట నాలాకు అడ్డంగా వేసిన పైపులకు చెత్త తట్టుకుని నీరు ఎగదన్నుతోందంటే, ‘పైపులకు ఎన్‌వోసీ ఉందండీ’ అన్నారు. ముద్దాయి మాత్రం ఏ ఎన్‌వోసీ లేకుండా ఈ నాలుగు శాఖల సరిహద్దులూ ఒక్క రాత్రిలో దాటి మా వంటింట్లో తేలింది.

రోడ్డు గురించి కూడా మనవి. మా నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కి లోపలికి వచ్చేవాళ్లం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పరుస్తూ పోవడంతో ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నాం. అందుకని గేటు ముందు మోకాలెత్తు సిమెంటు గట్టు కట్టించాను. ఆ తర్వాత పడ్డ పెద్ద వానలోనూ నా వరండా తడవలేదు. మర్నాడు పక్కింటి పెద్దాయన వచ్చి, ‘ఏమండీ, మీ గట్టు పుణ్యమా అని నీళ్లన్నీ మా హాల్లోకొచ్చాయి’ అన్నారు. ‘మీరూ ఒకటి కట్టించుకోండి మాస్టారూ, మేస్త్రీ నంబరిస్తాను’ అన్నాను. ఆయన కట్టించారు. ఆయన పక్కవాళ్లూ కట్టించారు. వీధి చివర అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. వాళ్లకు గేటు లేదు, గట్టు కట్టుకునే చోటూ లేదు. వాన పడ్డ రాత్రి పొయ్యీ, పుస్తకాల సంచీ, పిల్లనూ ఎత్తుకుని మెట్ల మీద కూర్చుంటారు. ఇందులో తప్పు పల్లానిదే.

అలాగని మా ప్రాంతంలో ఏ పనీ జరగలేదనడం కృతఘ్నత. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా 450 కోట్లతో ఉక్కు వంతెన ప్రారంభించారు. కార్లు ఇప్పుడు అశోక్‌నగర్ మీదినుంచి పోతున్నాయి. కారుకు దారి కావాలంటే ఆకాశంలో దొరికింది. నీటికి కావాలంటే నేల మీదే దొరకడం లేదు.

ఆ వంతెన కింద అశోక్‌నగర్ గదుల్లో వేలాదిమంది పిల్లలు ఉద్యోగ పరీక్షలకు చదువుతుంటారు. విపత్తు నిర్వహణ వాళ్లకు పాఠ్యాంశం. 2005 చట్టం ఏం చెప్పిందో గడగడా అప్పజెబుతారు. వాళ్లలాంటి పిల్లలే ముగ్గురు 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోని లైబ్రరీలోకి నీరొచ్చి చనిపోయారు. సెల్లార్ అంటే బండ్లు పెట్టుకోవడానికి. అక్కడ బెంచీలు వేసింది వాన కాదు. 2023 ఏప్రిల్ 29న సికింద్రాబాద్ కళాసిగూడలో పాల ప్యాకెట్టుకని వెళ్లిన పాప మూత లేని నాలాలో పడి చనిపోయింది. ఆ మూత తీసింది కూడా వాన కాదు. ఈ రెండు చోట్లా ముద్దాయి మీద కేసు నిలబడదని నాకే అనిపిస్తోంది. అయినా విపత్తు అని రాసుకుంటే ఎవరి సంతకమూ అక్కర్లేదు కదా.

నష్టపరిహారం విషయంలో మాత్రం ప్రభుత్వం వెనకాడదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన కురిసి నగరం మునిగినప్పుడు ఇంటికి పదివేలు ప్రకటించారు. మునిగినవారికి అందలేదని, మునగనివారికి అందిందని జనం రోడ్డెక్కారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడూ ఆ వరుసలో నిలబడి ఉంటాడు. డిసెంబరు 1న బల్దియా ఎన్నికలు కావడంతో పంపిణీ మధ్యలో ఆపమని ఎన్నికల సంఘం చెప్పింది. వరద దిగిపోయాక క్యూ పెరగడం ఈ నగరంలోనే చూడాలి.

ఈ నగరంలోనే అన్నాను గానీ, ఇతర చోట్లా ముద్దాయి వైఖరి ఇంతే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు గట్లకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. గట్లు బలహీనపడుతుంటే చూస్తూ ఊరుకున్నవారికీ, పొంగే వాగు దారిలో ఇళ్ల స్థలాలు కోసి అమ్మినవారికీ ఏ బిరుదూ లేదు. విజయవాడ దుఃఖదాయని అన్న బిరుదు బుడమేరుదే.

అదే ఏడాది మన నగరానికి హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. చెరువులో కట్టినవాటిని కూలగొడుతుంటే మా వీధి అరుగు మీద చేరిన పెద్దలందరం శభాష్ అన్నాం. కూలగొట్టేది మాదాపూర్‌లో అయినంతకాలం మాలో చట్టం పట్ల గౌరవం పొంగిపొర్లుతూనే ఉంటుంది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. దేవుణ్ణి సాక్ష్యానికి పిలిపించే అధికారం మీకుందో లేదో గానీ, పల్లం ఎక్కడుందో నీటికి తెలుసన్నది మీ సర్వేయర్లు కూడా కాదనలేరు. కాబట్టి ఫిర్యాదును విన్నపంగా మార్చుకుంటున్నాను. ఈ పేటలో నాలుగున్నర శతాబ్దాలకు పైగా స్వాధీనంలో ఉన్నది నాలా ఒక్కటే. మిగతావాళ్లమంతా దాని తర్వాత వచ్చినవాళ్లం. పుష్కరం పాటు కబ్జాలో ఉన్నవాడే హక్కులు అడిగే రోజులివి. దాని కబ్జాను కూడా దయచేసి క్రమబద్ధీకరించండి. దాని వెడల్పు దానికి రాసి, పట్టా ఇచ్చి, హద్దురాళ్లు పాతించండి. రుసుం ఎంతైనా వీధివాళ్లం చందాలేసి కడతాం.

సర్వే మాత్రం పక్క వీధి నుంచి మొదలుపెట్టించ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
దోమలగూడ గృహస్థు