లివరు పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

అమెరికాలో అరిజోనా, కాలిఫోర్నియాల సరిహద్దున, కొలరాడో నది మీద 1938లో పూర్తయిన పార్కర్ ఆనకట్ట వెనక నిలిచిన నీరే హవాసు సరస్సు. చైన్ రంపాలూ పడవ మోటార్లూ తయారుచేసే రాబర్ట్ మెకల్లక్ తన మోటార్లను పరీక్షించుకోవడానికి నీళ్లు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి, ఒడ్డున ఏకంగా ఊరే కట్టాడు. అది చాలదన్నట్టు 1968లో లండన్ బ్రిడ్జిని కొని, రాళ్లు విప్పించి తెప్పించి, 1971లో ఇక్కడ నిలబెట్టాడు. మోటార్ల కోసం పుట్టిన ఊరు కనుక వేసవిలో ఎనిమిది సిలిండర్ల పడవలు ఇక్కడ రంకెలు వేస్తుంటాయి. అట్టి పడవ తోలబోయే జిజ్ఞాసువును ఉద్దేశించినదీ పద్యం. పద్యమూ నాదే, వ్యాఖ్యా నాదే గనుక కవిహృదయం ఇది కాదేమోనన్న శంకకు తావు లేదు.

మూలం

ఆ. నీరు చల్లగున్న నెమ్మదించకుమయ్య
చమురు వేడి చూచి సాగుమోయి
నూటయెనుబదైన నూకుమా లివరును
అంతదాక నీకు నాగుటొప్పు

ప్రతిపదార్థం

అయ్య = ఓ పడవవాడా; నీరు = ఇంజన్‌లో తిరుగు సరస్సు జలము; చల్లగున్నన్ = గేజి ముల్లు అడుగునే ఉన్నను; నెమ్మదించకుము = నిశ్చింతగా ఉండకుము; చమురు వేడి = ఇంజన్ ఆయిల్ యొక్క ఉష్ణోగ్రతను; చూచి = నీటి గేజిని కాక ఆయిల్ గేజినే చూచి; సాగుము = మెల్లగా కదులుము; ఓయి = మరల ఓ పడవవాడా; నూటయెనుబది ఐనన్ = ఫారన్‌హీట్ లెక్కన 180, సెల్సియస్ లెక్కన 82 డిగ్రీలు కాగానే; లివరును = థ్రాటిల్ పిడిని; నూకుమా = ముందుకు నెట్టుమా; అంతదాకన్ = అప్పటివరకు; నీకున్ = నీకే; ఆగుట = ఓపిక పట్టుట; ఒప్పు = తగును.

తాత్పర్యం

నీటి ముల్లు చూసి మురిసిపోవద్దు. ఆయిల్ 180కి చేరాకే పూర్తి వేగం అందుకో.

విశేషాలు

"నీరు చల్లగున్న": కారులో రేడియేటర్ ఉంటుంది, లోపలి నీరే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఇలాంటి పడవల్లో చాలావాటికి సరస్సే రేడియేటర్. రబ్బరు రెక్కల ఇంపెల్లర్ బయటి నీటిని లాగుతుంది. ఆ నీరు సాధారణంగా ముందు ఆయిల్ కూలర్‌లోంచి, తర్వాత ఇంజన్‌లోంచి వెళ్లి, ఎగ్జాస్ట్ గొట్టాలను చల్లబరిచి బయటపడుతుంది. చల్లగా ఉంటే మంచిదే కదా అని పూర్వపక్షం. కాదని సిద్ధాంతం. గోడలు చల్లబడిన సిలిండర్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. గోడలకంటి, అక్కడున్న ఆయిల్ పొరను కడిగేసి, కిందికి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. దహనంలో పుట్టిన నీటి ఆవిరీ ఆయిల్‌లోకే చేరుతుంది. ఆయిల్ మూత తీసి చూస్తే లోపలి వైపు మీగడ తొరకలా తెల్లటి జిడ్డు. కూలరో, గాస్కెట్టో కారినా ఇలాగే కనబడుతుంది గనుక అదీ చూసుకోవాలి.

వేగప్రియులు కొందరు, నీరు కాగేదాకా దాన్ని ఇంజన్‌లో నిలిపే థర్మోస్టాట్‌ను పీకేస్తారు. జోరు మీద నీటి ఒత్తిడి పెరుగుతుంది, అడ్డు ఎందుకు అని వారి వాదం. ఒత్తిడికి రిలీఫ్ వాల్వ్ ఉంది. దాని పని దాన్ని చేయనివ్వాలి. సముద్రం మాట వేరు. నీరు 140 ఫారన్‌హీట్ దాటి కాగితే ఉప్పు లోపల పేరుకుంటుంది గనుక అక్కడ త్వరగా తెరుచుకునే థర్మోస్టాటే వాడతారు.

"చమురు వేడి చూచి": పద్యానికి ప్రాణం ఈ పాదమే. నీటి ముల్లు ముందు లేస్తుంది, ఆయిల్ ముల్లు తీరిగ్గా కదులుతుంది. నీళ్లు ఎప్పటికప్పుడు కొత్తవి గనుక నీటి గేజి సగం సరస్సు సంగతే చెబుతుంది. బేరింగుల మధ్య నలిగి, పిస్టన్ల అడుగు భాగాన వేడిని మోసుకొచ్చేది ఆయిల్. ఇంజన్ పడుతున్న పాటు దానికే తెలుసు. రోడ్డు మీద పరుగందుకున్న కారుకు ఇంజన్ శక్తిలో కొంతే చాలు. జోరుగా పోయే పడవ నీటిని చీల్చుకుపోవాలి గనుక ఇంజన్‌కు ఊపిరాడదు. కాబట్టి నీటి ముల్లు 140 దగ్గర బుద్ధిగా నిలబడి ఉండగానే ఆయిల్ 250 దాటవచ్చు.

కవి పైహద్దు చెప్పలేదు, అది అధ్యాహార్యం. ఆయిల్‌లో చేరిన తేమ పోవాలంటే 212 దాపులకు, అంటే నీరు మరిగే వేడికి, అది చేరాలి. 230 దాకా భయం లేదు. 250 దాటితే ఆయిల్ బాగా పలచబడి బేరింగుల మీద పొర నిలవదు. లివరు వెనక్కి లాగాలి.

దేశకాల భేదం: హవాసులో వేసవి ఎండ 45 సెల్సియస్ దాటినా, ఇదే నది ఎగువన, హూవర్ ఆనకట్ట దిగువన, 12, 13 డిగ్రీల నీటితో గడ్డకట్టించేస్తుంది. అక్కడ కూలర్ ఆయిల్‌ను వేడెక్కనివ్వదు. ఆయిల్ కాగేదాకా కూలర్‌ను తప్పించి పంపే ఆయిల్ థర్మోస్టాట్ అందుకే.

విరోధ పరిహారం: రెండో పాదం "సాగు" అంటుంది, నాలుగోది "ఆగు" అంటుంది. ఆగవలసింది చెయ్యి, సాగవలసింది పడవ. ఒడ్డున కట్టేసి ఉత్తినే ఇంజన్ తిప్పితే ఆయిల్ తొందరగా కాగదు. గేరు వేసి మెల్లగా నడపాలి. లండన్ బ్రిడ్జి కింది కాలువలో అల లేపకుండా పోవాలన్న నిబంధన ఉంది. అక్కడ విసుక్కునే పడవవాడికి ఈ పద్యార్థం సహజంగానే సిద్ధిస్తోందని గ్రహించాలి.

అపవ్యాఖ్య: "నెమ్మదించకు" అంటే వేగం తగ్గించకు అని కుర్రకారు చెప్పే అర్థం అప్రామాణికం. చల్లటి ఇంజన్‌ను ఒక్కసారిగా పరిగెత్తిస్తే, ఫోర్జ్‌డ్ పిస్టన్ సిలిండర్ కన్నా ముందే వ్యాకోచించి గోడల్ని గీరేస్తుంది. ఆ గీతలే వారికి జవాబు.

ఛందస్సు: ఆటవెలది. లివరు అన్యదేశ్యమైనా గణానికి లొంగింది.

ఫలశ్రుతి: దీన్ని లివరు పక్కన అంటించుకుని, చదివి, గేజి చూసేవాడి బేరింగులు చిరకాలం మన్నుతాయి. చదివి, గేజి చూడనివాడికి సీజన్ పొడుగునా మెకానిక్ దర్శనం కలుగుతుంది.