మా బావగారి పరుగు

1953 అనగానే ఎవరికైనను అక్టోబరు 1న అవతరించిన ఆంధ్రరాష్ట్రము, దాని రాజధాని కర్నూలు స్ఫురించును. మా బావగారికి మాత్రము అంతకు పూర్వము జనవరిలో, గోదావరి డెల్టాలోని మా బోర్డు హైస్కూలు నుండి కాలువగట్టు వెంబడి లాకుల వరకు పోయి, కోసిన వరిచేల కడ్డముగా మరలివచ్చిన పరుగుపందెము తప్ప, ఆ యేట మరేమియు జరిగినట్లు తోచదు.

ఆ పందెము నేనెరిగినంతలో మూడు మైళ్లు. మా అక్కను వివాహమాడునాటికది నాలుగయ్యెను. పెద్దకుమారుడు కాలేజీలో చేరునప్పటికి ఆరు. మొన్న అతని పెండ్లిమాటలలో, కాబోవు వియ్యంకుని యెదుట, ఎనిమిదికి చేరినది. గొలుసు పట్టకయే నేలను ఇంతగా సాగదీయగల ప్రజ్ఞ ఆనాటి మా ఊరి కరణముగారికిని లేకుండెను.

1952లో హెల్సింకీ ఒలింపిక్సు నందు జాటోపెక్ 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, ఆపైని జన్మలో మొదటిసారిగా పరుగెత్తిన మారథాను, మూడింటను స్వర్ణపతకములు గెలిచెననియు, 400 మీటర్ల పరుగును దినమునకు పదులసార్లు ఆవృత్తి చేయుటయే అతని సాధన యనియు డ్రిల్లు మాస్టరుగారు సెలవిచ్చినది మొదలు, బావగారు కోడికూతకు లేచి, నానిన సెనగలు నములుచు ఊరచెరువు చుట్టు తిరుగనారంభించిరి. ఆ మహావీరుడు మొగము వికారముగా పెట్టి పరుగెత్తునని విని, కాళ్లకంటె ముందు మొగమునకు సాధన చేయించిన ఘనత వీరిదే.

వీరి ప్రత్యర్థి పొరుగూరి రైతుబిడ్డ. బడికి ప్రతిదినము కాలినడకను వచ్చిపోవుటయే అతని సాధన. కడపటి చేనిలో ఇరువురును జోడుగా వచ్చుచుండగా, బావగారి బొటనవ్రేలు వరికొయ్యకు తగిలెనట. ఇంటికి వచ్చినవారు కాఫీగ్లాసు పెదవుల చెంతకు చేర్చువేళకే పంచె పైకెత్తి, "ఇటు చూడండి, గోరు ఈనాటికీ వంకరే!" అని చూపెదరు. చూడనివారికి రెండవ కాఫీ లేదు.

నిరుడొక పెండ్లిలో ఆ ప్రత్యర్థియే ఎదురుపడగా ఇరువురును కన్నీటితో కౌగిలించుకొనిరి. వైరము తీరినదని సంతసించితిని. విస్తళ్లలో పప్పు పడకముందే, ఆనాడు రెండవ స్థానము ఎవరిదను వివాదము రేగినది. "అయితే మొదట వచ్చినదెవరు, బావగారూ?" అని అడిగితిని. ఇరువురును ఒకరి మొగమొకరు చూచుకొనిరి. ఆ పేరు ఇద్దరికిని జ్ఞప్తి లేదు.

నవ్వితిని గాని, నవ్వుటకు నాకేమి అర్హత? ఆ పందెముననే లాకుల దాకను పోక, చెరకుతోటలో దూరి ఒక గడ నమిలి, మరలివచ్చు గుంపులో కలిసి పదునాల్గవవాడనైతిని. మా పిల్లలకు తొమ్మిదవవాడనని చెప్పియుంటిని. చెరకు సంగతి చెప్పలేదు.

మొన్న ఉదయము కాలువగట్టున నేనును బావగారును నడచుచుండగా, ఎవరో కుర్రవాడు ఈలవేయుచు మమ్ము దాటిపోయెను. మాటలాగినవి. అడుగులు పెద్దవైనవి. నూరు గజములు పోవునంతలో బావగారు డొక్క పట్టుకొని, "నీళ్లు ఎంత నిండుగా ఉన్నాయోయ్!" అని కాలువను మెచ్చుకొనసాగిరి. నేనును వంగి, చెప్పులో లేని ముల్లును చాలసేపు వెదకితిని.