పెంకుల బాబాయిగారు

అపార్ట్‌మెంటుకో పెంకుల బాబాయిగారు ఉంటారు. మీ దాంట్లో లేరంటే, మీరింకా చేతిలో గుడ్ల అట్టతో లిఫ్టు ఎక్కలేదన్నమాట. ఎక్కి చూడండి. మధ్యలో ఓ తెల్లమీసాల పెద్దమనిషి లోపలికొచ్చి, మీ మొహం కాకుండా అట్ట వంక చూస్తూ, "ముప్ఫయ్యా? ఎన్నాళ్లకి సరిపెడతారేమిటి?" అంటారు. మీ కొలెస్టరాల్ గురించి బెంగ అనుకునేరు. మీరు తినగా మిగిలే డొల్లల లెక్క అది.

రిటైరయ్యాక డాబా మీద మిరప, క్యాప్సికం కుండీలు పెట్టారు. కుండీలంటే పాత పెయింటు డబ్బాలు, గ్రో బ్యాగులు, పిడి ఊడిన బకెట్లు కూడా. విచిత్రం ఏమిటంటే, ఆయనది గుడ్డు గడప తొక్కని ఇల్లు. అయినా వీధి చివర ఆమ్లెట్ బండి దగ్గర వాడుక పెట్టుకున్న శాకాహారి మా పేటలో ఆయనొక్కరే. బండి కట్టేసే వేళకి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, సంచీతో హాజరవుతారు. "నాటుకోడివి విడిగా పెట్టవయ్యా, దళసరిగా ఉంటాయి" అని పురమాయింపు. కార్తీకమాసం వస్తే అపార్ట్‌మెంటంతా గుడ్లు మానేస్తుంది. పొద్దున్నే చన్నీళ్ల స్నానం చేసి దీపం పెట్టి, ఆ నెలంతా దిగులుగా తిరిగే భక్తుడు ఈయనే.

తెచ్చిన పెంకులు ఇంట్లోకి రాకూడదని పిన్నిగారి ఆంక్ష. అందుకని డాబా మీదే కడుగుడు. ఒక్కో డొల్ల లోపలి పొరని గోటితో లాగి, పేపరు మీద ఎండబెడతారు. పక్కనే పిన్నిగారి గుమ్మడి వడియాలు. కాకి రెండింటికీ సమానంగా వస్తుంది గానీ, బాబాయిగారు ఒకవైపే తోలతారు. ఆ తరువాతిది పొడి కొట్టడం. దానికి వాడింది ఇంట్లో కొబ్బరి పచ్చడి చేసే మిక్సీ జారు అని బయటపడిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇప్పుడు ఆయనకి వేరే జారు ఉంది, దాని మీద స్కెచ్‌పెన్నుతో "విషం" అని రాసి ఉంది. దస్తూరీ పిన్నిగారిది.

ఆయన వైద్యంలో రోగాలు అనేకం, నిదానం ఒక్కటే. ఆకు పైకి ముడుచుకుంటే కాల్షియం లోపం, కిందికి ముడుచుకున్నా కాల్షియం లోపమే. నిజానికి పై ముడత తామర పురుగుల పని, కింది ముడత నల్లి పని. గుంటూరు వైపు మిరప రైతునెవర్ని అడిగినా చెబుతాడు. పూత రాలితే, అది ఎండ వల్లయినా సరే, ఓ చెంచాడు పొడి పడాల్సిందే. అయితే ఆయన నిదానం నిజమయ్యే రోగం ఒకటుంది. క్యాప్సికం కాయ అడుగువైపు గోధుమరంగు మచ్చ లేచి, కాగితంలా ఎండి, ఆనక నల్లగా కుళ్లుతుంది. సన్నమిరప కంటే లావు కండ ఉన్న కాయకే ఈ బాధ ఎక్కువ. అది అక్షరాలా కాల్షియం అందకపోవడమే.

అందకపోవడం వేరు, లేకపోవడం వేరు. బాబాయిగారితో పేచీ అంతా ఇక్కడే. కాల్షియం మొక్కలో నీళ్లతో పాటే పైకెక్కుతుంది. ఆకులు ఆవిరి వదులుతూ నీటిని లాక్కుంటాయి కాబట్టి సింహభాగం వాటికే పోతుంది. ఒకసారి ఆకులో చేరిందా, మళ్లీ కాయకి తిరిగి రాదు. కుండీ ఒక పూట ఎండి ఒక పూట మునిగిందంటే ముందు పస్తుండేది కాయ అడుగే. బాబాయిగారి నీటిపారుదల సరిగ్గా అలాంటిదే: పెళ్లికి వెళ్తే మూడు రోజులు చుక్క ఉండదు, తిరిగొచ్చాక పశ్చాత్తాపంతో పైపు పెట్టి వదిలేస్తారు.

పైగా మాది బోరునీళ్ల అపార్ట్‌మెంటు. బకెట్ల అంచున, కుళాయి మూతిన తెల్లగా పేరుకునేది ఏమిటనుకున్నారు? చాలావరకు కాల్షియం కార్బొనేటే. కోడిగుడ్డు పెంకులోనూ 95 శాతం దాకా ఉండేది అదే. ఆదివారం పూట బాత్‌రూములో పిన్నిగారు వెనిగర్ పోసి ఆ తెల్లపొర గీకుతూ ఉంటారు, డాబా మీద బాబాయిగారు అదే సరుకు చెంచాతో కొలిచి పోస్తుంటారు. ఒకసారి వెనిగర్ సీసా మాయమైంది. చూస్తే డాబా మీద గాజు సీసాలో పెంకులు నురగలు కక్కుతున్నాయి. "కాల్షియం దిగుతోంది, కాల్షియం దిగుతోంది" అని ఆయన అందర్నీ పిలిచి చూపించారు. దిగుతున్న మాట నిజమే. పైకి లేస్తున్నది కార్బన్ డయాక్సైడు. పిన్నిగారు మాత్రం చూడటానికి రాలేదు.

మోకాళ్ల నొప్పులకి డాక్టరు ఆవిడకి రాసిన కాల్షియం బిళ్లలు నెల తిరక్కుండానే అయిపోతున్నాయని మొన్న తేలింది. పెన్సిలుతో మట్టిలో చిల్లు పెట్టి, కుండీకో బిళ్ల. అట్ట వెనక డి విటమిన్ అని కూడా రాసి ఉండేసరికి, అది లేకపోతే వంటికి పట్టదు కదా అని, కుండీలన్నిటినీ మోసుకుని ఎండలోకి జరిపారు. నడుం పట్టేసింది. ఇప్పుడు బిళ్లలు ఇద్దరికీ.

ఆ తరువాత కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్తూ, మొక్కలు మాకు అప్పగించారు. రెండు పేజీల కాగితం: సోమవారం పెంకుల పొడి, బుధవారం సీసా నీళ్లు, లీటరుకి ఎన్ని మూతలు, మజ్జిగ ఎవరికి, జిప్సం ఎవరికి. నీళ్లు పొయ్యమని మాత్రం ఎక్కడా లేదు. ఆ కొలతలు మాకు అంతుపట్టక, ఏ మొక్కని చంపుతామోనన్న భయంతో, పొద్దున్నే కుండీకో మగ్గు బోరునీళ్లు పోసి ఊరుకున్నాం.

తిరిగొచ్చాక నేరుగా డాబా ఎక్కారు. కొత్త క్యాప్సికం కాయలు అడుగున మచ్చ లేకుండా నిగనిగలాడుతున్నాయి. ఒక్కోదాన్నీ వేలితో తిప్పి చూసి, కళ్లద్దాలు సవరించుకుని, "చెప్పానా! పెంకుల పొడి కరగడానికి ఆర్నెల్లు పడుతుందన్నాను. సరిగ్గా ఇప్పటికి పట్టింది" అన్నారు. ఆపైన మా వంటింటి కిటికీ వైపు మొహం పెట్టి గాలి పీల్చి, "గుడ్డు పులుసా అమ్మా?" అని అడిగారు.