మూడో బిడ్డకు సర్కారు సెలవు

ఆడవారి గర్భాశయాన్ని చెరువు తూముగా భావించి, అవసరాన్నిబట్టి దించడానికీ ఎత్తడానికీ తమకు జన్మహక్కు ఉన్నదని నమ్మే పాలనా సంప్రదాయం తెలుగునాట మూడు దశాబ్దాలకు పైగా నిరాటంకంగా సాగుతున్నది. 1994 మే నెలలో అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికలలో పోటీకి అనర్హులని శాసించి, ఏడాది గడువు ముగిశాక పుట్టే మూడో బిడ్డను తల్లిదండ్రుల రాజకీయ జీవితానికి పుట్టుశత్రువుగా నిర్ణయించింది. రాష్ట్రం విడిపోయాక చాలావాటిని వద్దనుకున్న తెలంగాణ, ఈ నిబంధనను మాత్రం 2018 నాటి సొంత చట్టంలోకి భద్రంగా తెచ్చుకున్నది. తీరా 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గం ఆ తూమును ఎత్తివేయడానికి సిద్ధపడ్డాయి. సంతానోత్పత్తి రేటు, అంటే ఒక స్త్రీ జీవితకాలంలో సగటున కనే బిడ్డల సంఖ్య, జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 ఉండాలనీ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అది తెలంగాణలో 1.8కీ ఆంధ్రలో 1.7కీ పడిపోయిందనీ గణాంకవేత్తలు చెప్పగా, జనాభా లెక్కన జరిగే లోక్‌సభ స్థానాల పునర్విభజన తలుపు తడుతున్న వేళ ఏలికలకు హఠాత్తుగా పసిపిల్లల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

1994 మేలో ఈ చట్టం అమలుకు వచ్చిన మరుసటి నెలలోనే, అమెరికాలోని షికాగోలో పన్నెండుమంది నల్లజాతి స్త్రీలు సమావేశమై ‘పునరుత్పత్తి న్యాయం’ అనే మాటను రూపొందించారు. బిడ్డను కనే హక్కు, కనకుండా ఉండే హక్కు, కన్న బిడ్డను భద్రంగా పెంచుకునే హక్కు మూడూ కలిస్తేనే న్యాయమనీ, పేదరాలి విషయంలో వీటిని విడదీయడం కుదరదనీ ఆ మాటకు అర్థం. తెలుగు శాసనకర్తలు ఈ మూడింటిలో ఒక్కదాన్నైనా గౌరవించి ఉంటే వారిమీద పక్షపాతమనే నింద పడేది. మూడింటినీ సమానంగా విస్మరించి వారు ఆ నిందనుంచి తప్పించుకున్నారు.

నిబంధన ఎవరికి వర్తించిందో చూస్తే దాని సౌందర్యం బోధపడుతుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి, దళిత, ఆదివాసీ స్త్రీలకు పంచాయతీ తలుపులు తెరిచిన ఏడాదికే గడపలో పిల్లలను లెక్కించే గుమాస్తాను కూర్చోబెట్టారు. శాసనసభ్యులకు గాని, పార్లమెంటు సభ్యులకు గాని ఈ లెక్క లేదు. అరడజను సంతానం గలవారు సైతం సభలో కూర్చుని, ముగ్గురు బిడ్డల కూలితల్లి వార్డు సభ్యురాలిగా పనికిరాదని చేయెత్తి ఆమోదించగలిగేవారు. హర్యానాలోని ఇలాంటి నిబంధనను 2003లో జావేద్ కేసులో సమర్థించిన సుప్రీంకోర్టు, ఇష్టం లేకుండా మూడో బిడ్డను కనవలసి వచ్చేంత నిస్సహాయులు భారతీయ స్త్రీలు కారని అభిప్రాయపడింది. భర్తకూ అత్తకూ ఎదురు చెప్పగల ఆ ధీరవనిత ఏ ఊరిలో ఉన్నదో తీర్పులో చెప్పి ఉంటే ఆమెను సర్పంచిగా ఏకగ్రీవం చేయడానికి వీలుండేది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాలలో నిర్మలా బుచ్ జరిపిన అధ్యయనంలో కనిపించిన దృశ్యం వేరు: పదవి కోసం భార్యను వదిలేసినవారు, బిడ్డను దత్తతకిచ్చి లెక్క సరిచేసుకున్నవారు, గర్భస్రావాలు చేయించినవారు అందులో ఉన్నారు.

ఆడవారి ఇష్టం అడిగే సంప్రదాయం ఈ నేలమీద లేకపోలేదు. తెలంగాణలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే కొమురవెల్లి మల్లన్న జాతరకు తరలివచ్చే గొల్ల, కురుమ, దళిత కుటుంబాల స్త్రీలలో సంతానం కోసం మొక్కుకున్నవారూ ఉంటారు. గంగరేగు చెట్టు దగ్గర వారి కోసం పట్నం, అంటే రంగుపొడులతో నేలమీద తీర్చే పెద్ద ముగ్గు, వేసే ఒగ్గు పూజారి, మొక్కుకున్నామె నొసట బండారి (మల్లన్న ప్రసాదంగా భావించే పసుపు) పెట్టి, ఒగ్గు అనే చేతి డమరుకాన్ని మోగిస్తూ ఆమె కోరికను దేవుడికి విన్నవిస్తాడు. విన్నవించాలంటే ముందు ఆ కోరిక ఏమిటో ఆమెను అడగాలి; ఆ మాత్రం జ్ఞానం ఒగ్గు పూజారికి ఉన్నది. గుట్ట దిగితే ఎదురయ్యే పంచాయతీ కార్యాలయంలో మాత్రం, మల్లన్న కరుణించి మూడో బిడ్డను ఇస్తే ఆ వరాన్నే అనర్హతగా నమోదు చేసే ఏర్పాటు నిన్నమొన్నటి దాకా చెక్కుచెదరకుండా ఉండేది.

చట్టం కాగితం మీద పని చేస్తే, ‘కు.ని. ఆపరేషన్’ అని పత్రికలు ముద్దుగా కుదించిన కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స ఒంటి మీద పని చేసింది. దాని చిహ్నమైన ఎర్ర త్రికోణం కింద ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అని రాయని ఆసుపత్రి గోడ ఆనాడు అరుదు. ఆ చింత తీర్చే బాధ్యత మాత్రం ఆడవారిదే. మగవారి వేసెక్టమీ తేలికైన, ప్రమాదం తక్కువైన పని అని వైద్యశాస్త్రం ఘోషిస్తున్నా, దేశంలో దాన్ని ఆశ్రయించిన దంపతులు 0.3 శాతమే. పురుషుని నడుము దేశ ఆర్థిక వ్యవస్థకు మూలస్తంభం గనుక దాని జోలికి పోరాదనేది పల్లెల్లో స్థిరపడిన సిద్ధాంతం. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో 2014 నవంబరులో శిబిరంలో ఆపరేషన్లు చేయించుకున్న పేద స్త్రీలు పదిమందికి పైగా మరణించాక, 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలో నిలిపివేయాలన్నది. ఆ గడువు దాటి మరో మూడేళ్ళు కావస్తుండగా, 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు తల్లులు చనిపోయారు. కుటుంబాలకు ఐదేసి లక్షల పరిహారం ప్రకటించారు. చింతలేని కుటుంబానికి సర్కారు కట్టిన వెల అది.

ఆడవారిని అడిగినవారు అసలే లేరనడం చరిత్రకు అన్యాయం. 1985లో ఆనాటి మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పేద స్త్రీల మీద పరీక్షిస్తున్నారని తెలిసి, హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికే వెళ్ళి, ఇది ఇంకా ప్రయోగమేనన్న సంగతి ఆ స్త్రీలకు చెప్పారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకెక్కారు. ‘ఈ మందేమిటో మీకు చెప్పారా’ అన్న ఒక్క ప్రశ్న అధికారులకు అంత ఇబ్బందికరంగా తోచడమే ఆ ప్రశ్న ఎంత అరుదైనదో చెబుతుంది.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. 1997లో ఉమ్మడి రాష్ట్ర జనాభా విధానం ప్రకటించిన నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే, 2024 అక్టోబరులో, ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవారికే స్థానిక ఎన్నికలలో పోటీకి అర్హత కల్పించే ఆలోచనను వినిపించారు. అనర్హతకు కారణమైన బిడ్డే అర్హతకు ఆధారం కావడమంటే పసిగుడ్డుకు అది సామాన్యమైన పదోన్నతి కాదు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవును ఇస్తానని ప్రకటించారు. పాలకూ పిండికీ కటకటలాడే ఇంట్లో ఐదో నోరు ఏం తింటుందనే ప్రశ్నకు ఇంత స్పష్టంగా గడ్డి తినే జవాబు ఇచ్చినవారు లేరు.

చిక్కల్లా ఒక్కటే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య వివాహితలలో ఆంధ్రలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం మంది అప్పటికే కు.ని. ఆపరేషన్ చేయించుకున్నారు. ఆనాటి సర్కారు మాట నమ్మి గొట్టాలు కోయించుకున్నవారు ఈనాటి సర్కారు మాట వినాలంటే వాటిని మళ్ళీ అతికించుకోవాలి. ఆ శస్త్రచికిత్స అందరికీ ఫలించేది కాదు. కాబట్టి విజయనగరం ఆవుకు ఇల్లు మారే తొందర ఇప్పట్లో ఉండకపోవచ్చు.