36 బొమ్మల బావ

ఆదివారం పొద్దున్నే 6 గంటలకి చార్మినార్ దగ్గరికి వెళ్తే పావురాలతో పాటు వీళ్లూ కనబడతారు. వయసు 30కీ 45కీ మధ్య. వారంలో అయిదు రోజులు గచ్చిబౌలిలో కూచుని ప్రపంచాన్ని డిజిటల్ చేస్తారు, శనివారం నిద్రపోతారు, ఆదివారం మాత్రం డిజిటల్ అన్న మాట వినబడితే మొహం చిట్లిస్తారు. కెమెరా మెడలో వేసుకోరు, అది టూరిస్టుల పద్ధతి. భుజం మీంచి అడ్డంగా తోలు పట్టీ, ఆ పట్టీ చివర నడుం దగ్గర చిన్న లోహపు పెట్టె. తీసే బొమ్మలు కూడా ఇంచుమించు అందరివీ అవే: ఇరానీ చాయ్ కప్పు, సగం దించిన షాపు షట్టరు, తుప్పు పట్టిన తాళం, గోడ మీద స్కూటరు నీడ, హోటల్లో పేపరు చదివే ముసలాయన. ఆ ముసలాయనకి వీళ్లు బాగా అలవాటైపోయారు. వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుని మరీ పేపరు విప్పుతున్నాడు.

మా అక్క భర్త ఈ కోవలో మనిషి. పేరు రాస్తే ఆయన నొచ్చుకుంటాడు. రాయకపోతే, అంత డబ్బు తగలేసిందెవరో జనానికి తెలియొద్దా అని అక్క నొచ్చుకుంటుంది. కనక మధ్యేమార్గంగా బావ అనేస్తాను.

బావ దగ్గరున్నది కాంటాక్స్ జి2. 1996లో జపాన్‌లో క్యోసెరా కంపెనీ తెచ్చింది. ఒంటి మీద టైటానియం, ముందర కార్ల్ జైస్ పేరున్న 45 మిల్లీమీటర్ల ప్లానార్ లెన్సు. ఈ రెండు వాక్యాలూ వాళ్లింట్లో పనిమనిషికి కూడా కంఠతా వచ్చు. కెమెరా, లెన్సు కలిపి లక్ష రూపాయల పైమాటే. అది కొత్తది కాదనీ, ఎవరో వాడి అమ్మేసిందనీ అక్కకి చాలా ఆలస్యంగా తెలిసింది.

"లక్ష పోసి సెకండ్ హ్యాండా?" అంది.

"సెకండ్ హ్యాండ్ కాదోయ్, వింటేజ్" అన్నాడు బావ.

ఇంతకీ ఎందుకు కొన్నాడో వినాలంటే తీరిగ్గా కూచోవాలి. "ఫోను మనిషిని సోమరిని చేసిందిరా. ఫోకస్ అదే చూసుకుంటుంది. వెలుతురు అదే లెక్క కట్టుకుంటుంది. మనం చేసేదల్లా వేలు ఆనించడం. ఇంక మన చెయ్యెక్కడ? మన బుర్రెక్కడ?" అంటాడు. మాట బాగానే ఉంది. కానీ జి2 కూడా ఫోకస్ తనే చూసుకుంటుంది. వెలుతురు తనే లెక్క కట్టుకుంటుంది. రీలు తనే ఎక్కించుకుంటుంది, బొమ్మ బొమ్మకీ తనే జరుపుకుంటుంది, చివరికొచ్చాక గిర్రున తనే వెనక్కి చుట్టేసుకుంటుంది. బావ వేలు ఆనిస్తాడు.

పాతకాలపు రేంజ్‌ఫైండర్ అయితే బావ మాటకి అర్థం ఉండేది. అందులో చూస్తే కిటికీ మధ్య భాగంలో ఒకే మనిషి ఇద్దరై కనిపిస్తాడు. లెన్సు తిప్పుతూ ఆ ఇద్దర్నీ ఒకడిగా కలిపితే ఫోకస్ కుదిరినట్టు. లైకాలు అలాంటివే, 1932లో జర్మనీలో జైస్ ఐకాన్ తెచ్చిన మొదటి కాంటాక్సూ అలాంటిదే. జి2లో ఆ కలిపే బాధ్యత మోటారుకి అప్పజెప్పారు. ముందువైపు చిన్న అద్దాలు దూరం కొలుస్తాయి, లోపల గుర్రుమని చప్పుడౌతుంది, లెన్సు కదులుతుంది. కిటికీలో మనకి మిగిలేది అడుగున ఒక దూరం గుర్తు. లెన్సు మీద ఫోకస్ తిప్పే రింగే లేదు. లేదు, నేను చేత్తోనే చేస్తానని మొండికేస్తే ఒక చక్రం ఉంది. అయితే ఆ చక్రం తిప్పినా లెన్సుని కదిపేది మళ్లీ మోటారే.

అందుకే మడికట్టుకున్న లైకావాళ్లు మా బావని పంక్తిలో కూచోనివ్వరు. బావ ఆ కసి కాంటాక్స్ టి2 వాళ్ల మీద తీర్చుకుంటాడు. అది 1990 నాటి జేబు కెమెరా, లెన్సు మార్చడానికి ఉండదు. 2017లో కెండాల్ జెన్నర్ అమెరికా టీవీలో దాన్ని చేత్తో పట్టుకుని కనబడ్డాక దాని ధరకి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. "ఫ్యాషన్‌కి కొనే మనుషులు" అని బావ ఈసడిస్తాడు. ఆ వేడికి తన జి2 ధర కూడా ఎంత పెరిగిందో మాత్రం రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఫోనులో చూసుకుంటాడు. అదే డబ్బు కోకాపేటలో పెట్టుంటేనా అని పక్క గదిలోంచి వినిపిస్తుంది.

అసలు చోద్యమంతా బావ పొదుపులో ఉంది. రీలులో 36 బొమ్మలు. రీలు ఖరీదు, కడిగించే ఖర్చు, స్కానింగు కలిపి బొమ్మకి సుమారు 45 రూపాయలని బావ ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆ లెక్క చూపించకుండా ఉండాల్సింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ప్రతి మనిషికీ, ప్రతి సందర్భానికీ తన వెల ఎంతో తెలిసిపోతోంది. బావ కెమెరా కంటికి ఆనిస్తాడు. చూస్తాడు. మళ్లీ చూస్తాడు. నిట్టూర్చి దించేస్తాడు. ఎదురుగా కొత్త చీర కట్టుకుని నిలబడ్డ మనిషికి తను 45 రూపాయలు చెయ్యనని అర్థమౌతుంది. వాళ్ల మూడో పెద్దమ్మ ఆ అవమానం భరించలేక, బొడ్లోంచి 50 నోటు తీసి "ఇంద, మిగతా అయిదూ నువ్వే ఉంచుకో, తియ్యి" అంది. తీశాడు. చిల్లర ఇవ్వలేదు.

నా మేనల్లుడు మొదటి అడుగు వేసిన రోజు అక్క వంటింట్లోంచి కేకేసింది. బావ కెమెరా పట్టుకుని వచ్చాడు, వాడు తూలుతూ వస్తున్నాడు, బావ చూస్తున్నాడు. "మొదటి అడుగే కదా, నడక కుదరనీ" అని దించేశాడు. ఆ అడుగు నా ఫోనులో ఉంది. బావ దృష్టిలో అది లెక్కలోకి రాదు.

ఇంత పొదుపుగా తీస్తే రీలు ఎప్పటికి అవుతుంది? ఉగాదికి ఎక్కించింది దీపావళికి దిగింది. కడిగించి చూస్తే 4వ బొమ్మలో పిల్లాడు ఉయ్యాల్లో ఉన్నాడు, 31వ బొమ్మలో ఆ ఉయ్యాల మీదెక్కి తొక్కుతున్నాడు. హైదరాబాదులో రీలు కడిగేవాళ్లు లేక కాదు, బావకి వాళ్ల మీద గురి కుదరదు. ముంబైకి కొరియరు చేస్తాడు. అది చేరేదాకా, కడిగేదాకా, తిరిగొచ్చేదాకా ఆయన మొహం చూస్తే ఇంట్లో ఎవరికో పరీక్షా ఫలితాలు రావాలేమో అనిపిస్తుంది. తీరా వచ్చేది ఫోనుకి ఒక లింకు. బావ ఆ బొమ్మల్ని వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. ఆయన తోటి ఫిల్ము బాబులు వాళ్ల ఫోన్లలో చూసి, గ్రెయిన్ బాగా పలికిందని మెచ్చుకుంటారు. నెగెటివ్‌లు బీరువాలో నగల పక్కన పడుకుంటాయి.

బొమ్మలెలా వస్తాయంటారా? వచ్చినవి బ్రహ్మాండంగా వస్తాయి, అబద్ధమెందుకు. ఆ జైస్ లెన్సు చెంప మీద వెలుతురుని పట్టినట్టు నా ఫోను పట్టలేదు. రానివి మాత్రం ఒక ప్రత్యేకమైన పద్ధతిలో రాకుండా పోతాయి. ఈ కెమెరా కిటికీలోంచి చూస్తే దగ్గరిదీ దూరందీ అన్నీ తేటగానే ఉంటాయి, ఏది మసకబారిందో తెలియదు. అది దూరం కొలిచేది కిటికీ నడిమధ్య ఉన్న చిన్న గుర్తులో పడ్డ వస్తువుకి. ముందు మనిషి మీద గురి పెట్టి, మీట సగం నొక్కి పట్టి, అప్పుడు పక్కకి జరగాలి. మర్చిపోతే అంతే సంగతులు. బావ తల్లిదండ్రుల షష్టిపూర్తికి ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టాడు. అక్క మామగారూ అత్తగారూ ఫోటోకి నిలబడితే మధ్యన మూరెడు ఖాళీ ఉండాల్సిందే, వాళ్ల సంసారం ఆ ఖాళీ మీదే నిలబడింది. గురి ఆ ఖాళీలోంచి దూసుకెళ్లి గోడకి తగిలింది. ఫోటోలో దంపతులిద్దరూ పొగమంచులో ఉన్నారు, వెనక గోడ మీద వెంకట్రామా కేలండర్లో వర్జ్యం, దుర్ముహూర్తం అక్షరం అక్షరం చదువుకోవచ్చు.

ఇంకొకటి: లెన్సు మూత. కిటికీ వేరు, లెన్సు వేరు కాబట్టి మూత తియ్యకపోయినా కిటికీలో లోకం చక్కగా కనిపిస్తుంది. దూరం కొలిచే అద్దాలు కూడా వేరే, అవీ తమ పని తాము చేసేస్తాయి. వెలుతురు కొలిచేది మాత్రం లెన్సు వెనక ఉంటుంది. దానికి అంతా చీకటే కనక, షట్టరు తెరిచి పట్టుకుని అలా ఉండిపోతుంది. నాగార్జునసాగర్ డ్యాం దగ్గర మిట్టమధ్యాహ్నం అదే జరిగింది. నొక్కాడు, షట్టరు ఎంతకీ మూసుకోదు. మమ్మల్నెవర్నీ కదలొద్దని సైగ చేసి, "చూశారా, వెలుగుని ఎంత నిదానంగా తీసుకుంటోందో" అన్నాడు. మేం ఊపిరి బిగబట్టాం. చివరికి అక్కే అంది, "ఏవండీ, ఆ మూత తీశారా?"

తణుకు దగ్గర బావ వాళ్ల ఊళ్లో అటకెక్కిన పెట్టెలో అక్క మామగారి యాషికా ఎమ్‌ఎఫ్-2 ఉంది. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్లలో తరచూ కనబడ్డ ప్లాస్టిక్ కెమెరా. ఫోకస్ అన్నదే లేదు, కొలవడమూ లేదు, మోటారు మూలుగులూ లేవు. ఎంత దూరంలో నిలబడ్డా అదే ఫోకస్, మొహాన ఫ్లాష్ కొట్టడమే. బావ చిన్నప్పటి పుట్టినరోజులన్నీ దాంతో తీసినవే, అన్నిట్లోనూ అందరూ పోల్చుకునేటట్టే ఉన్నారు. బావ దాన్ని డబ్బా అంటాడు. యాషికా కంపెనీని 1983లో క్యోసెరా కొనేసింది, కాంటాక్స్ పేరు మీద 1975 నుంచీ కెమెరాలు చేస్తూ వచ్చింది ఆ యాషికాయే. అంటే అటక మీది డబ్బాదీ, నడుం మీది టైటానియందీ ఒకే ఇంటిపేరు. ఈ సంగతి మామగారి ఎదురుగా చెప్పడం నా కొంటెతనమే. ఆయన ఆ సాయంత్రమే అటక దించి యాషికాని తుడిచి షోకేసులో పెట్టారు. దానికి రెండు పెన్సిల్ సెల్లులు చాలు, వీధి చివర కిరాణా కొట్లో దొరుకుతాయి. బావ దానికి కావలసిన సీఆర్2 బ్యాటరీలు రెండూ అయిపోతే తణుకంతా తిరిగినా దొరకలేదు. బ్యాటరీ లేని జి2 చాలా బరువైన పేపరువెయిటు. పైగా 2005లో క్యోసెరా ఈ వ్యాపారం మానుకుంది కనక లోపల ఏదైనా కాలితే దిక్కులేదు. అందుకే పక్కన ఎవరు తుమ్మినా బావ కెమెరాకి చెయ్యి అడ్డం పెడతాడు.

ఆ ఊళ్లోనే ఒక స్టూడియో తాతగారున్నారు. ఒకప్పుడు రీలుకి 12 బొమ్మలొచ్చే పెద్ద కెమెరాతో పెళ్లిళ్లు తీసిన మనిషి. అప్పట్లో ఊటీలో తయారైన ఇందు ఫిల్ముతో తీసి, చీకటి గదిలో కడిగి, నెగెటివ్ మీద పెన్సిలు ముక్కతో పెళ్లికూతురి మొటిమలు మాన్పిన చెయ్యి. బావ ఆయన్ని చూడటానికి భక్తిగా వెళ్లాడు. తాతగారు జి2ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఫోకస్ ఎవరు చేస్తారండి అన్నారు. అదే చేసుకుంటుందన్నాడు బావ. లైటు? అదే. రీలు తిప్పడం? అదేనండి.

"మరి తవరేం చేస్తారండి?" అన్నారు తాతగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు.

బావ మాట మార్చి, మీరు ఫిల్మెందుకు మానేశారు, ఆ రోజుల మీద బెంగగా ఉండదా అన్నాడు. "బెంగేంటండీ బాబూ, హైపో కంపుకి మా ఆవిడ పక్కలో పడుకోనిచ్చేది కాదండి. డిజిటల్ వచ్చాకే కదండీ నేను ఇంటోడినయ్యాను" అన్నారు. బావ దారంతా మాట్లాడలేదు.

ఆ మర్నాడే వాళ్ల బాబాయిగారి అమ్మాయి పెళ్లి. డ్రోనుతో సహా ఫోటోల బృందం వేరే ఉంది, కనక బావ మీద ఎవరి ఆశలూ లేవు. బావకి మాత్రం ఉన్నాయి. సాయంత్రం నుంచీ గీచి గీచి తీసి, జీలకర్ర-బెల్లం కోసం 9 బొమ్మలు దాచాడు. కాళ్లు కడిగేటప్పుడు తియ్యలేదు. గౌరీపూజ తియ్యలేదు. బుట్టలో పెళ్లికూతుర్ని మేనమామలు మోసుకొస్తుంటే అందరం "బావగారూ, తియ్యండి" అని అరిచాం. తల అడ్డంగా ఊపాడు.

ముహూర్తం దగ్గరపడింది. పంతులుగారు వేలెత్తారు, గట్టిమేళం మోగింది, తెర దిగింది. బావ నొక్కాడు. జి2కి సెకనుకి 4 బొమ్మలు తీసే గుణం ఒకటుంది. సంచిలో ఒరుసుకుని, ఆ గుణానికి మార్చే చక్రం ఎప్పుడు తిరిగిందో తిరిగింది. ఒక్క నొక్కుకి గరగరగరమని 9 బొమ్మలూ రెండు చిటికెల్లో వెళ్లిపోయాయి. ఆ వెంటనే రీలు వెనక్కి చుట్టుకోవడం మొదలైంది. బావ కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని, పీటల వంక చూస్తూ నిలబడిపోయాడు. పెళ్లి వీడియోలో ఆ మొహం చక్కగా పడింది. మా వాళ్లు పెళ్లికంటే ఎక్కువసార్లు దాన్నే చూశారు.

ముంబై నుంచి లింకు వచ్చింది. జీలకర్ర-బెల్లం పెట్టించడానికి పంతులుగారు ముందుకి వంగారన్న మాట. సరిగ్గా కిటికీ నడిమధ్య గుర్తులోకి ఆయన వీపు వచ్చింది. 9 బొమ్మల్లోనూ పంతులుగారి వీపే. ఎంత తేటగా వచ్చిందంటే జంధ్యం పోగులు లెక్కపెట్టుకోవచ్చు, ఉత్తరీయం అంచు మీద చాకలి గుర్తు చదువుకోవచ్చు. వధూవరులు అటొక మోచెయ్యి, ఇటొక బాసికం అంచు. అక్క నవ్వి నవ్వి ఆ బొమ్మని చుట్టాల గ్రూపులో పెట్టింది. అది అక్కణ్నుంచి ఎలా వెళ్లిందో పంతులుగారి దాకా వెళ్లింది.

ఆయన నాకే ఫోను చేశారు. ఇన్నేళ్ల పౌరోహిత్యంలో ఏ ఫోటోగ్రాఫరూ తనని పట్టించుకోలేదట, ఎప్పుడూ ఫోటో అంచున ఒక చెయ్యో, కొబ్బరికాయో తప్ప తను పడలేదట. ఆ బొమ్మ పెద్దది చేయించి పటం కట్టించుకుంటారట. శ్రావణంలో తన రెండో అమ్మాయి పెళ్లి ఉంది, మీ బావగారు ఆ వేళకి ఖాళీయేనా అన్నారు.

ఫోను స్పీకర్లో పెట్టాను. బావ ఎర్రబడి, గొంతు సవరించుకుని, "తప్పకుండా వస్తానండి. ఈసారి ముందువైపు నుంచి తీస్తాను" అన్నాడు.

"వద్దు నాయనా, వెనక నుంచే తియ్యి" అన్నారు పంతులుగారు. "ముందువైపు పళ్లు లేవు."