పందెపు బండ ఆత్మకథ

ఖమ్మమునకు స్తంభాద్రి యనియు, గోదావరి యొడ్డున వెలసిన పుణ్యక్షేత్రమునకు భద్రాద్రి యనియు పేర్లు. రెండింటను ఉన్నది కొండయే, అనగా రాయియే. స్తంభమువలె నిలిచిన కొండపై నరసింహస్వామి వెలసినాడు. మేరువు కుమారుడైన భద్రుడు తపస్సు చేసి, శ్రీరాముని తన శిరముపై నిలుపుకొను వరము పొంది కొండయై నిలిచినాడని స్థలపురాణము చెప్పుచున్నది. ఈ రెండు కొండలకు నడుమ, పత్తిచేలును మిరపతోటలును ముగిసి టేకుచెట్లును ఇప్పచెట్లును మొదలగు అడవియంచున, ఒక పల్లెలోని చెఱువుగట్టు క్రింద పడియున్న బండను నేను. నా కులమున నొకరు దేవుని మోసిరి. నన్ను ఎద్దులు లాగుచున్నవి. ఈ తారతమ్యమును గూర్చి నాకు చింత లేదు. నన్ను లాగుటచేత ఎవరికి నొప్పి కలుగుచున్నదో వారిని గూర్చియే నాకు చింత. ఈ కథ చెప్పుటకు పూనుకొన్నది అందుకొఱకే.

తెలంగాణపు శిలలలో పెక్కింటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. అంతకాలము కదలక మెదలక కొండలో నొక భాగమైయున్న నన్ను, వడ్డెర పనివారు సున్నపుదారముతో గీతగీచి, ఆ గీత పొడవునను ఉలితో వరుసగా గుంటలు తొలిచి, వాటిలో ఇనుపచీలలు దిగగొట్టి, దినమంతయు సమ్మెటలతో మోదగా, పొద్దు వాలువేళకు ఠప్పుమను చిన్న ధ్వనితో కొండనుండి విడివడితిని. అంతటి వియోగమునకు అంత అల్పమైన ధ్వని కలుగుట నన్ను నేటికిని ఆశ్చర్యపఱచుచున్నది. పిమ్మట వారే నన్ను ఆరడుగుల పొడవునకు, రెండున్నర అడుగుల వెడల్పునకు, రెండడుగులకు కొంచెము తక్కువ మందమునకు చెక్కి, నేలను తాకు అంచును గుండ్రముగా నునుపుచేసి, ముందుభాగమున ఇనుపకడియము బిగించిరి. లారీలు తూచు కాటాపై నన్ను తూచగా ఇరువది క్వింటాళ్ళు తూగితిని. ఆ అంకెను తెల్లరంగుతో నా వీపున వ్రాసిరి. నాకన్న తేలికయైన బండలు మఱి మూడు నాతోడనే కొండ దిగివచ్చినవి. పాలపళ్ళ గిత్తలకును, రెండుపళ్ళ, నాలుగుపళ్ళ గిత్తలకును అవి. పళ్ళన్నియు వచ్చి, బలము నిండి, అనుభవము గడించిన జతలకు మాత్రము నేను.

బండను లాగుటలోని కష్టమెట్టిదో చూచువారికి సగమే తెలియును. నేల నన్ను పట్టుకొని యుండును. నేను నేలను పట్టుకొని యుందును. ఆ పట్టు విడిపించుటకు కావలసిన బలము, విడిపోయిన పిదప నడిపించుటకు కావలసిన బలముకన్న ఎక్కువ. కనుక పందెమంతయు మొదటి గుంజులోనే ఉన్నదని చెప్పవచ్చును. ఆ క్షణమున రెండెద్దులును ఏకకాలమున మూపులొగ్గి, డెక్కలను నేలలో నాటి, నడుములు వంచి ముందుకు వాలవలెను. ఒకటి దుమికి రెండవది తడబడినయెడల కాడి ఏటవాలై బరువంతయు ఒక్కదాని మెడపై పడును. మోకు బిగిసి కడియము కిఱ్ఱుమన్న మరుక్షణమున, ఏ యెద్దు మనసుపెట్టి లాగుచున్నదో, ఏది భయముచేత లాగుచున్నదో నాకు తెలియును. భయపడిన యెద్దు లాగునప్పుడు మోకు వణకును. ఆ వణకు మైకులో అఱచువానికి వినబడదు, గడియారము చేతబట్టి నిలిచిన పెద్దమనిషికి కనబడదు.

నన్ను లాగ వచ్చునవి ఒంగోలు జాతి యెడ్లు. మధిర వైపునుండియు, కృష్ణాతీరమునుండియు లారీలెక్కి వచ్చును. వాటి తెల్లని మేనును, ఎత్తైన మూపురమును, గంభీరమైన చూపును నేను వేలమారులు చూచియు తనివితీర చూడలేకున్నాను. నెల్లూరుసీమ పేరుతో ఈ జాతి సముద్రములు దాటి బ్రెజిలు దేశమున నెలోరు అని పిలువబడుచు, ఆ దేశపు పశుసంపదలో అధికభాగమునకు మూలమైనది. 2002లో హైదరాబాదున జరిగిన జాతీయ క్రీడలకు వీర యను పేర ఒంగోలు గిత్తయే చిహ్నమైనది. ఇట్టి యెద్దును పందెమునకు సిద్ధముచేయు రైతు దానికి ఉలవలు ఉడికించి పెట్టును, పత్తిగింజలు రుబ్బి పెట్టును, వేకువనే లేచి ఇసుకబండి లాగించును, చెఱువులో ఈదించును. ఇంటిలోని పిల్లలకు లేని పాలు కూడ దానికి పోయువారిని నేనెఱుగుదును. ఇంత ప్రేమ గలవాడే పందెపు బరిలో దిగినపుడు చర్నాకోల చేతబట్టుట నాకు ఎన్నడును అర్థము కాలేదు.

2014 మే 7న సుప్రీంకోర్టు, జల్లికట్టులో గాని బండ్ల పందెములలో గాని ఎద్దులను వాడరాదని తీర్పు చెప్పినప్పుడు, మా గ్రామపెద్దలు జంకి నన్ను గట్టు క్రిందికి దొర్లించిరి. కొన్ని వర్షాకాలములు నాపై గడ్డి మొలిచినది. మేకలు నాపై నెక్కి తుమ్మకొమ్మలకు మెడలు సాచినవి. 2023 మే 18న అదే న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చేసికొన్న చట్టసవరణలను సమర్థించినది. ఆ న్యాయసూక్ష్మములను విడమఱచి చెప్పు శక్తి నాకు లేదు. అయినను మొదటి తీర్పు విన్ననాడు నాకు కోపము రాలేదని మాత్రము చెప్పగలను. నోరులేనివాని పక్షమున ఎవరో ఒకరు మాటలాడినారని సంతోషించితిని. పందెములు మరల మొదలైనప్పుడు, ములుగఱ్ఱ ముట్టరాదనియు చర్నాకోల ఎత్తరాదనియు మా ఊర నొక నియమము కాగితముపై వ్రాసిరి. కాగితముపై వ్రాసినది బరిలోనికి దిగుటకు ఎంతకాలము పట్టునో ఆనాడు నాకు తెలియదు.

ఆ సంవత్సరము కనుమ వెళ్ళిన తరువాతి శని ఆదివారములలో పందెములు పెట్టిరి. మంచు దట్టముగా కురియుచున్న ఆ శనివారపు ఉదయమున, అడవివైపునుండి కోయరైతులు పిల్లాపాపలతో చూడవచ్చిరి. వారి పొట్టియెడ్లు బండ్లతో సహా మామిడితోపున నిలిచినవి. పొడవైన బాటను చదునుచేసి, ఇరువైపుల తాళ్ళు కట్టి, సున్నముతో గీతలు గీచి, అడుగులు కొలుచుటకు టేపులు పఱచిరి. ఆ దినము చిన్నబండల వంతు. లేతగిత్తలు కొన్ని లాగినవి, కొన్ని బెదరి తాళ్ళు దాటి జనముపైకి పోయినవి. సాయంకాలమునకు చిన్న బహుమతులు పంచిపెట్టిరి.

నాకు జ్ఞాపకమున్నది ఆ రాత్రి.

నేను పడియున్న చేనుగల రైతు, మరునాడు తన జతను నాకు కట్టవలసినవాడు, నిద్రపట్టక వచ్చి నాపై కూర్చుండెను. కొంతసేపటికి అతని అల్లుడు శాలువ కప్పుకొని వచ్చి ప్రక్కన కూర్చుండెను. ఆ యువకుడు అమెరికాలోని టెక్సాసున ఉద్యోగము చేయుచు, పండుగకు వచ్చినవాడు. ఎదుట కొట్టములో ఎడ్లు నెమరువేయు చప్పుడు వినబడుచుండగా అతడు తమవైపు జరుగు పందెములను గూర్చి చెప్పసాగెను. అక్కడ కూడ శని ఆదివారములలోనే జరుగునట. అయితే అక్కడ పందెము పాతకార్లకు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. వంటి, 389 ఘనాంగుళాల ఇంజను గల బండ్లను, ఉద్యోగస్థులును మెకానిక్కులును వృద్ధులును తమ చేతులతో బాగుచేసికొని, వారమంతయు ఎదురుచూచి, తిన్నని బాటపై ఇద్దరిద్దరుగా నిలిచి, దీపము పచ్చబడగానే వదలుదురట. దూరము మైలులో నాలుగవవంతు, అనగా 1,320 అడుగులు. గెలిచినవానికి పెద్ద ధనమేమియు రాదు. ప్రతివానికి ఒక కాగితపు చీటీ ఇత్తురు. దీపము వెలిగిన తరువాత ఎంతసేపటికి కదలినాడో, మొదటి అరువది అడుగులు ఎంత కాలములో దాటినాడో అందుండును.

"మొదటి అరవై అడుగులే ముఖ్యం మామయ్యా. అక్కడ చక్రం జారితే ఇంక ఆ పరుగు పోయినట్టే. అందుకే బయలుదేరకముందు చక్రాలను ఉన్నచోటనే గిర్రున తిప్పి, పొగలొచ్చేదాక వేడిచేస్తారు. వేడెక్కిన రబ్బరు నేలను పట్టుకుంటుంది."

రైతు తల యూపెను. మొదటి గుంజు సంగతి అతనికి ఎవరును చెప్పనక్కఱలేదు. నేనును ఆనందించితిని; సప్తసముద్రముల కావల కూడ నేలపట్టును గూర్చి ఇంతగా తలపోయువారున్నారు గదా యని. ఇంజను బలమును లెక్కించు గుఱ్ఱపుబలమను కొలమానమును అల్లుడు అటుపిమ్మట వివరించెను. ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్స్ వాట్, 33,000 పౌండ్ల బరువును ఒక్క నిమిషములో ఒక్క అడుగు పైకెత్తు శక్తిని ఒక గుఱ్ఱపుబలముగా నిర్ణయించెనట. బరువు, అడుగులు, నిమిషములు! మా బరిలో గుమాస్తా తాటాకుపందిరి క్రింద కూర్చుండి వ్రాసికొను పట్టికలో ఉన్నవియు ఈ మూడే: ఎన్ని క్వింటాళ్ళు, ఎన్ని అడుగులు, ఎన్ని నిమిషములు. ఆ కార్ల బలమును చెప్పు అంకె కూడ మొదట నొక జంతువు మెడపైనుండి పుట్టినదేయని తెలిసి నేను చాలసేపు దానినే తలపోయుచుంటిని.

టెక్సాసు పొలములలో మూపురము గల పశువులను చూచితిననియు, అక్కడివారు బ్రాహ్మన్ జాతి యని పిలుచు ఆ పశువులు మన ఒంగోలు, గిర్ మొదలగు జాతుల సంతతియే యనియు అల్లుడు చెప్పినప్పుడు, రైతు ముఖము చీకటిలో సైతము వెలిగినట్లు నాకు తోచెను. కొంచెముసేపు మౌనముగా నుండి అతడు ఒక్క ప్రశ్న వేసెను.

"ఆ కారుకు నొప్పి తెలుస్తదా అల్లుడుగారూ?"

"తెలియదు మామయ్యా. ఇంజను బద్దలైతే ఇంకొకటి బిగిస్తారు."

రైతు మరల మాటలాడలేదు. లేచి కొట్టములోనికి పోయి, ఎడ్ల మెడలను చాలసేపు నిమిరెను. పెద్దయెద్దు పేరు శివన్న, వయస్సు పదకొండేండ్లు. రెండవది చిన్నోడు, తల్లి చచ్చిపోగా రైతుభార్య సీసాతో పాలుపట్టి పెంచినది.

ఆదివారము మధ్యాహ్నమునకు జనము చెట్లెక్కియు, ట్రాక్టరు తొట్లపై నిలుచుండియు, చెఱువుగట్టు నిండియు ఉండిరి. నాలుగు జతలు నన్ను లాగి పోయినవి. కృష్ణాతీరపు జత యొకటి ఎంతో సొంపుగా లాగెను; ఆ మోకులో వణకు లేదు. అయిదవదిగా మా రైతు జతను కట్టిరి. ఈల ఊదగానే శివన్న ఒక్క అడుగు వేసి నిలిచి, చిన్నోడు మూపు కలుపువఱకు ఆగి, పిమ్మట లాగెను. ఎవరు నేర్పిన విద్యయో తెలియదు. నేల నన్ను విడిచినది. నా క్రింద నలుగుచున్న ఇసుక బుసబుసలాడుచుండెను. నా యడుగుభాగము క్రమక్రమముగా వేడెక్కుచుండెను. ఒక పర్యాయము బాట చివరికి పోయి మఱలితిమి, రెండవది, మూడవది. వేయి యడుగులు దాటినవని మైకు అఱచెను. పండ్రెండు నిమిషములు గడచినవి. ఇంక ఎనిమిది మిగిలియున్నవి.

నాలుగవ మలుపున చిన్నోడు ముంగాళ్ళు మడిచి కూలబడెను. దాని ముట్టెనుండి నురుగు ధారగా కాఱుచుండెను. మోకు సడలి నాపై పడెను. "లేపండి, లేపండి, ఇంకా టైమున్నది!" అని మైకు మొఱ్ఱపెట్టెను. తోలుటకు కూలికి వచ్చిన మనిషి, కాగితముపై వ్రాసిన నియమమును మఱచి, ఎవరో అందించిన చర్నాకోలను పైకెత్తెను. ఇట్టివి నేను ఇంతకుముందును చూచితిని. ఎత్తిన చర్నాకోల పడుటయు, పడిన యెద్దు లేచుటయు, జనము కేకలువేయుటయు, లేచిన యెద్దు లాగునప్పటి మోకువణకును నాకు పరిచితములే. ఆ వణకునకై నేను సిద్ధపడితిని.

చర్నాకోల పడలేదు. మా రైతు ఆ చేతిని పట్టుకొనియుండెను.

"కొట్టకు. వాడు వద్దంటున్నడు."

ఇంతమాత్రమే యనెను. గట్టిగా కూడ అనలేదు. పిమ్మట కాడికి కట్టిన పలుపులు విప్పి, శివన్నను ప్రక్కకు తీసి, చిన్నోని తల ఒడిలో పెట్టుకొని నేలపై చతికిలబడెను. అల్లుడు తాళ్ళు దాటి పరుగున వచ్చి బిందెతో నీళ్ళు తెచ్చి దాని మెడపై పోసెను. మైకు ఆగెను. జనములో కొందఱు ఈలలువేసిరి; కొందఱు, ముఖ్యముగా ముందువరుసలోని కోయవృద్ధులు, లేచి నిలుచుండిరి. గుమాస్తా పట్టికలో పండ్రెండు నిమిషముల యడుగులు మాత్రమే వ్రాసికొనెను. ప్రథమ బహుమతి కృష్ణాతీరపు జతకు దక్కెను, అది న్యాయమే.

చీకటిపడువేళకు లారీలు వెళ్ళిపోయినవి. పందిళ్ళు విప్పిరి. నన్ను బాట మధ్యనే వదలిరి. చిన్నోడు మెల్లగా లేచి నాలుగడుగులు వేసి నాచెంతకు వచ్చి, నా కడియమును వాసన చూచి, నా వీపునంటిన చెమటయుప్పును కొంచెముసేపు నాకెను. పుష్యమాసపు చలి అడవివైపునుండి దిగుచుండెను. పగటి ఎండయు నేలరాపిడియు నాలో నింపిన వేడి ఇంకను ఆఱలేదు. చిన్నోడు నా ప్రక్కను పండుకొని, ఆ వెచ్చదనమునకు వీపు ఆనించి, నెమరువేయసాగెను.